వసుమతి మూసేసిన సింహం

అమెరికాలో మా అరోరా ఊళ్ళో వసుమతి దగ్గర ఏ పనీ పెండింగులో ఉండదని పేరు. సింకులో ఎంగిలి గిన్నె ఉండదు, ఫోన్‌లో చదవని మెసేజ్ ఉండదు. ఇరవై ఒక్క ఏళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చేసిన మనిషి. తప్పులు పట్టడం ఆమె వృత్తి, వ్యసనం కూడా. గుడి క్యాంటీన్‌లో పులిహోర తిని, "ఇవాళ ఇంగువ మర్చిపోయారు" అని వంటాయన మొహం మీదే చెప్పి వచ్చింది ఒకసారి. ఆ మాట నిజం కావడం వల్ల ఆయనకు మరీ కోపం వచ్చింది.

నేను ఆమెకు మూడిళ్ళ అవతల ఉండే ఉమను. మాది తెనాలి, ఆమెది పాల్వంచ. పన్నెండేళ్ళుగా పొద్దున్నే మా ఇళ్ళ కాలనీ చెరువు చుట్టూ కలిసి నడుస్తున్నాం. చెరువు అనడం గొప్పకే. వాన నీళ్ళు నిలవడానికి బిల్డర్ తవ్వించిన గుంట అది, దాని నిండా కెనడా బాతులు. ఆమె సంగతులన్నీ నాకు ఆ నడకలోనే తెలిశాయి. తన గురించి రాస్తే ఆమెకు ఇష్టముండదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే జరిగినదాంట్లో నా నోరు కూడా ఉంది.

టెస్టర్ల పనిలో ఒక పద్ధతి ఉంది. ఒకే లోపం గురించి ఇద్దరు ముగ్గురు ఫిర్యాదు రాస్తుంటారు. మొదటిది ఉంచి మిగిలినవి 'డూప్లికేట్' అని రాసి మూసెయ్యాలి. లేకపోతే ఒకే పనికి ముగ్గురు మనుషులు పరిగెత్తుతారు. ఇందులో వసుమతి ఆరితేరిన చెయ్యి. ఫిర్యాదులో రెండు లైన్లు చదివి, "ఇది మంగళవారం వచ్చిందే" అని తేల్చేసేది. దాదాపు ఎప్పుడూ ఒప్పే అయ్యేది. ఆ నేర్పు చూసి మేనేజర్లు మెచ్చుకున్నారు, గాజు ఫలకాలు ఇచ్చారు. అవి ఇప్పటికీ వాళ్ళింట్లో టీవీ పక్కన ఉన్నాయి.

ఇక సింహాల సంగతి. ఇక్కడ పిల్లలు మంచి కాలేజీలో చేరాలంటే మార్కులు ఒక్కటే చాలవు, సేవ కూడా చూపించాలి, అదీ గంటల లెక్కన. మన ఇళ్ళల్లో ఆ సేవ నిజంగా ఎవరు చేస్తారో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మా అబ్బాయి రుత్విక్ స్కూల్లో చూపించిన రోబో సగానికి పైగా వాళ్ళ నాన్న చేతిపని. కాబట్టి వసుమతిని అనే హక్కు నాకు లేదు. ఆమె కూతురు హంసిక హైస్కూల్లో ఉండగా ఆఫ్రికా జంతువుల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరింది. జాంబియా పడమటి అంచున లుంజారి అని ఒక పార్కు. కనుచూపు మేరా గడ్డి మైదానం, దగ్గరి తారురోడ్డుకు చేరాలంటే రోజున్నర ప్రయాణం. అక్కడ చెట్లకు కట్టిన కెమెరాలు ఏ జంతువు కదిలినా ఫోటో తీస్తాయి. ఎక్కడెక్కడో కూర్చున్న వాలంటీర్లు ఆ ఫోటోలు చూసి, అది ఏ జంతువో, ఒంటి మీద గాయముందో లేదో రాయాలి. హంసిక పదకొండు గంటలు చేసింది. మిగిలిన నూట ఎనభై తొమ్మిది గంటలూ హంసిక లాగిన్‌తో వాళ్ళమ్మ చేసింది. సర్టిఫికెట్ కూతురి పేరు మీద వచ్చింది, అడ్మిషన్ వచ్చింది, ఆగస్టులో పిల్ల కాలేజీకి వెళ్ళిపోయింది. సింహాలు మాత్రం తల్లి దగ్గర ఉండిపోయాయి.

అంతకుముందే, మార్చిలో, వసుమతి ఉద్యోగం పోయింది. పదిహేను నిమిషాల వీడియో కాల్, మధ్యాహ్నానికి లాప్‌టాప్ లాక్. అప్పటి నుంచి ఆ ఫోటోలే ఆమె ఆఫీసు అయ్యాయి. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండయితే అక్కడ రాత్రి ఏడు. జంతువులు నీళ్ళకు దిగే వేళ. సరిగ్గా పన్నెండుకు ఆమె డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చునేది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే వసూ? రెజ్యూమే అప్‌డేట్ చెయ్యి ముందు," అన్నాను ఒకరోజు నడకలో.

"ఏందే ఉమా, అట్లంటవ్. నిన్న ఒక జిరాఫీ వచ్చింది. మూడు కాళ్ళే. నాలుగోది తీగకి పోయింది. నీళ్ళు తాగాలంటే ముందు కాళ్ళు వెడల్పు చేసి వంగాలె కదా. ఒక్క ముందు కాలితోని ఎట్ల వంగుతది?"

"మరెలా వంగింది?"

"వంగలే. నిలబడి నీళ్ళు చూసుకుంట ఉండె. పద్నాలుగు ఫోటోలు అట్లనే ఉన్నయ్. పదిహేనో దాంట్ల లేదు."

ఆ తర్వాత నేను వేళాకోళం తగ్గించాను. తీగ అంటే ఏమిటో ఆమే చెప్పింది. పాత కంచెల నుంచి, టైర్ల నుంచి తీసిన ఇనుప తీగను ఉచ్చులా చుట్టి, జంతువులు నడిచే దారిలో కడతారు. వాళ్ళకు కావలసింది పట్నంలో అమ్మడానికి జింక మాంసం. కానీ ఉచ్చుకు జింకేదో సింహమేదో తెలియదు. మెడ దూర్చిన జంతువు లాగినకొద్దీ బిగుస్తుంది. బలమున్నది తీగ తెంపుకుని పోతుంది, కానీ మెడలో చుట్టు అలాగే ఉంటుంది, రోజుకింత లోపలికి దిగుతుంది. పదకొండు రేంజర్ పోస్టులుండేవట ఆ పార్కులో. ఈ సంవత్సరం అమెరికా నుంచి వెళ్ళే గ్రాంటు ఆగిపోయాక నాలుగు మిగిలాయి, తిరిగే జీపు ఒకటి. పదేళ్ళ కిందట అరవై సింహాలున్న చోట ఇప్పుడు ఇరవై రెండు. వాటిలో ప్రతి ఒక్కటీ వసుమతికి తెలుసు.

ఆ ఇరవై రెండింటిలో ఇద్దరు తోబుట్టువులు. సంస్థ వాటికి నంబర్లు ఇచ్చింది గానీ వసుమతి అక్క, చెల్లి అనేది. రెండూ అచ్చు గుద్దినట్టుంటాయి. అక్కకు ఎడమ చెవి సగం చిరిగి ఉంటుంది, చెల్లికి రెండు చెవులూ బాగుంటాయి. చెల్లికి జూన్‌లో మూడు పిల్లలు పుట్టాయి. చెవి కనపడకపోతే చెంప చూడాలి. సింహాల మీసాల దగ్గర నల్ల చుక్కల వరసలుంటాయి. మన వేలిముద్రల్లాగే ఏ రెండింటికీ అవి కలవవు, ఒకే సింహానికి కుడి చెంప, ఎడమ చెంప కూడా కలవవు. అందుకే కొత్త వాలంటీర్ల కోసం ఆమె ఒక పేజీ తయారు చేసింది. అందులో మొదటి మాట, లావు అక్షరాల్లో: ఇటువైపు ఫోటో చూసి అటువైపు ఫోటోను తేల్చవద్దు, చుక్కలు లెక్కపెట్టండి. అక్కడి పెద్ద రేంజర్ సితాలి ఆ పేజీని అందరికీ పంపుతూ, దీన్ని రాసిన హంసికకు కృతజ్ఞతలు అని రాశాడు. ఆ మెయిల్ నాకు చూపించి వసుమతి మురిసిపోయింది. పేరు మాత్రం సరిచేయలేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం, జంతువులు నీళ్ళు తాగే మడుగు దగ్గరి కెమెరా నుంచి ఫోటో వచ్చింది. ఆడసింహం, ఎడమ పక్క, చిరిగిన చెవి, మెడలో తీగ. అక్క. వసుమతి వెంటనే రాసింది. బుధవారం చిన్న విమానంలో జంతువుల డాక్టర్‌ను రప్పిస్తున్నానని సితాలి జవాబిచ్చాడు.

మర్నాడు సోమవారం. ఒంటిగంటకు ఆమెకు వీడియో ఇంటర్వ్యూ. ఆరు నెలల్లో వచ్చిన మొదటి పిలుపు. నా బ్లేజర్ ఇచ్చి, మొహం మీద వెలుతురు పడేలా దీపం సర్దడానికి నేను వెళ్ళాను. పన్నెండున్నరకు ఆమె ఇంకా తడి జుట్టుతో ఫోటోల ముందే ఉంది. నలభై ఆరు ఫోటోలు చూడాల్సి ఉన్నాయి.

"ఇవి ఇట్ల వదిలేసి కూర్చుంటే ఇంటర్వ్యూల నా మైండ్ ఇటే ఉంటది. ఫినిష్ చేసేస్త," అంది.

మధ్యలో ఒక ఫోటో దగ్గర ఆగింది. మెడలో తీగతో ఆడసింహం. ఈసారి కుడి పక్క. తల వంచి నీళ్ళు తాగుతోంది, ఎడమ చెవి అవతలికి ఉండిపోయింది.

"మళ్ళ వచ్చింది పాపం," అంది.

"నిన్న చూపించావే, ఆ సింహమే కదా. డాక్టర్ వస్తున్నాడుగా. మూసేసి జుట్టు దువ్వుకో తల్లీ," అన్నాను.

మౌస్ మీద ఆమె వేలు ఒక క్షణం ఆగడం నేను చూశాను. తర్వాత 'డూప్లికేట్' నొక్కింది. మిగిలినవన్నీ పది నిమిషాల్లో అయిపోయాయి. చూడాల్సిన ఫోటోల క్యూలో సున్నా. ఇంటర్వ్యూ ఇరవై నిమిషాలు జరిగింది, మళ్ళీ చెబుతామన్నారు. ఈ రోజు వరకూ చెప్పలేదు.

బుధవారం వెట్ డాక్టర్ వచ్చి అక్కకు మత్తుసూది వేసి, తీగ కోసి తీసేసి, గాయం కడిగి, ఆ సాయంత్రమే విమానమెక్కి వెళ్ళిపోయాడు. అక్క లేచి నిలబడ్డ ఫోటో సితాలి పంపాడు. వసుమతి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఉద్యోగం పోయినప్పుడు కూడా ఏడవని మనిషి.

శనివారం మధ్యాహ్నం స్కూలు జిమ్‌లో బతుకమ్మ. బంతిపూలు, చామంతులు, ఇక్కడ తంగేడు దొరకదు కాబట్టి పసుపు కాగితప్పూలు. అంతమంది ఆడవాళ్ళలో ప్రతి ఒక్కరికీ వసుమతి అక్క ఫోటో చూపించింది. "ఆంటీ, ఇన్‌స్టాలో పెట్టండి, వైరల్ అవుద్ది," అంది స్పందన అనే కొత్త పెళ్ళికూతురు. ఎవరో పులి అన్నారు, వసుమతి వెంటనే సరిచేసింది. అప్పుడే ఫోన్ టింగుమంది. ఆమె చూసింది. చూసి, పక్కనున్న మడత కుర్చీలో కూర్చుండిపోయింది.

ఫోటోలో ఆడసింహం సూటిగా కెమెరాను చూస్తోంది. రెండు చెవులూ నిండుగా ఉన్నాయి. మెడలో తీగ. వెనక మూడు పిల్లలు.

"ఉమా, కార్ తియ్యి," అంది.

ఇంటికి వెళ్ళి సోమవారం మూసేసిన ఫోటో తెరిచింది. దాని పక్కన చెల్లి కుడి చెంప బొమ్మ పెట్టింది. చుక్కలు లెక్కపెట్టింది. నేను గోడ గడియారం చూస్తూనే ఉన్నాను.

"ఒక్క నిమిషం కూడా పట్టలేదే. చూసినవా? ఒక్క నిమిషం," అంది నా వైపు తిరగకుండా.

సోమవారం ఆ గదిలో తొందరపెట్టింది నేనే. డాక్టర్ ఆ మడుగు దగ్గర ఒక రోజంతా ఉన్నాడు. రెండు సింహాలున్నాయని తెలిస్తే ఆ రోజే రెండింటికీ తీగ తీసేవాడు.

జరిగిన పొరపాటు ఆమె ఆ లాగిన్ నుంచే రాసి పంపితే, సితాలి నుంచి గంటలో జవాబు వచ్చింది. డాక్టర్ మరో పార్కులో ఏనుగు పని మీద ఉన్నారు, పది రోజుల దాకా రాలేరు. మత్తుమందు ఆయన దగ్గర తప్ప మా దగ్గర ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. మత్తివ్వకుండా సింహం మెడలో తీగ కోయడం మనిషి వల్ల కాదు. నేను జీపు తీసుకుని వెళ్ళి ఆ సింహాన్ని వెతుకుతాను, దొరికితే కనిపెట్టుకుని ఉంటాను. అంతే రాశాడు.

ఆదివారం, సోమవారం, మంగళవారం పన్నెండు కాగానే నేనూ ఆ డైనింగ్ టేబుల్ దగ్గరే ఉన్నాను. ఆదివారం చెల్లి నీళ్ళలో మూతి పెట్టింది, మింగలేకపోయింది. సోమవారం మడుగు అంచున పడుకుని ఉంది, పిల్లలు పాలకోసం పొట్ట కింద దూరుతున్నాయి. మెడ వాచి తల కంటే లావైంది. మంగళవారం పిల్లలు మూడూ ఒంటరిగా నీళ్ళ దగ్గరికి వచ్చాయి. బుధవారం ఎవరూ రాలేదు. వసుమతి ఖాళీ మడుగు ఫోటోలను ఒక్కొక్కటే తెరిచి, పెద్దది చేసి, మూలమూలలా వెతికింది. ఆ రోజు క్యూలో ఒక్క ఫోటో కూడా మూయలేదు.

గురువారం సితాలి ఉత్తరం వచ్చింది. మడుగుకు రెండు కిలోమీటర్ల దూరంలో ముళ్ళపొద కింద చెల్లి దొరికింది. పక్కనే రెండు పిల్లలు, హైనాలు వచ్చి పోయాక మిగిలినంత. మూడోది కనపడలేదు. పొద చుట్టూ అక్క అడుగులున్నాయి, పలుమార్లు వచ్చి వెళ్ళినట్టుంది. ఫోటోలు జతచేయడం లేదు అని రాశాడు. చివర ఇంకో నాలుగు మాటలున్నాయి. హంసికా, నువ్వు కుమిలిపోకు. నువ్వింకా చదువుకునే పిల్లవి. అనుభవం లేనప్పుడు ఇలాంటి పొరపాటు ఎవరైనా చేస్తారు. నీ పేరు రికార్డులోకి రానివ్వను.

వసుమతి దాన్ని మూడుసార్లు చదివింది. తిట్టి ఉంటే తట్టుకునేది. ఆ దయను తట్టుకోలేకపోయింది.

సాయంత్రం ఆమె భర్త రాకేష్ ఆఫీసు నుంచి వచ్చి విషయం విన్నాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. "ఆయనే వదిలేశాడు కదా వసూ, నువ్వెందుకు తవ్వుతావు? ఆ పని చేసింది హంసిక కాదని రాస్తే సర్టిఫికెట్ ఫేక్ అని తేలుతుంది. కాలేజీకి తెలిస్తే అడ్మిషన్ రివోక్ చేస్తారు. చచ్చిపోయిన సింహం కోసం పిల్ల ఫ్యూచర్ పాడు చేస్తావా?"

"అది కరెక్టేనే," అన్నాను నేను కూడా. రెండోసారి తప్పు మాట చెప్పాను.

ఆమె హంసికకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. అంతా చెప్పింది.

"వెయిట్," అంది హంసిక. "సో అక్కడ క్లోజ్ చేసినట్టు నా నేమ్ ఉందా?"

"ఉంది బిడ్డా."

"బేబీస్ కూడా చచ్చిపోయాయా?"

"రెండు. ఇంకోటి దొరకలే."

"అమ్మా, నేను లెవెన్ అవర్స్ మాత్రమే చేశాను. ఎస్సేలో టూ హండ్రెడ్ అని రాశాను. నువ్వు రాయమన్నావు."

"అవును. నేనే చెప్పిన."

"నాకు స్కేరీగా ఉంది. బట్ నువ్వు చెప్పెయ్యి. అది నేను చేయలేదు. నా నేమ్ తీసెయ్యి అమ్మా." ఏడుస్తూనే ఫోన్ పెట్టేసింది.

వసుమతి అప్పుడే కూర్చుని రాసింది. నా ముందే రాసింది కాబట్టి నాకు ఆ మాటలు గుర్తున్నాయి. "నా పేరు వసుమతి. వయసు నలభై తొమ్మిది. హంసిక నా కూతురు. ఆ ఫోటో మూసింది ఆమె కాదు, నేను. రెండేళ్ళుగా ఆమె పేరుతో పని చేసింది నేనే. ఇది అనుభవం లేక చేసిన తప్పు కాదు. ఇరవై ఒక్క ఏళ్ళ అనుభవం ఉండబట్టి, చూడకుండానే తెలుసు అనుకుని చేసిన తప్పు. ఇటువైపు చూసి అటువైపు తేల్చవద్దని మీకు రాసి ఇచ్చింది కూడా నేనే. రికార్డులో నా పేరు రాయండి."

"నేను మూసెయ్యమన్నానని కూడా రాయి," అన్నాను.

"మౌస్ నా చేతుల ఉండె," అని పంపించేసింది.

సంస్థ వాళ్ళు వారంలో ఆ లాగిన్ తీసేశారు, సర్టిఫికెట్ రద్దు చేశారు, కాలేజీకి తెలియజేస్తున్నామని రాశారు. కాలేజీ నుంచి ఇంకా ఏమీ రాలేదు. రాకేష్ రోజూ మెయిల్ బాక్స్ తెరిచేముందు దేవుణ్ణి తలుచుకుంటున్నాడు. హంసిక ఫోన్లో తల్లితో మాట్లాడుతుంది గానీ పొడిపొడిగా. సితాలి నుంచి మాత్రం చిన్న జవాబు వచ్చింది. "మీ పేరు రాశాను. మడుగు కెమెరా ఫోటోలు చూడటానికి ఇప్పుడు మనిషి లేరు. పదమూడు వందలు పోగుపడ్డాయి."

ఆ జవాబు ఆమె నాకు చూపించింది. మూడో పిల్ల ఆ పదమూడు వందల ఫోటోల్లో ఎక్కడైనా ఉందేమో, పెద్దమ్మ వెనక నడుస్తోందేమో. ఉన్నా గుర్తుపట్టగల మనిషి మా వీధిలో డైనింగ్ టేబుల్ దగ్గర ఊరికే కూర్చుని ఉంది.

నవంబరు మొదట్లో ఒక పొద్దున నడుస్తున్నాం. చలి మొదలైంది, చెరువు అంచులు మంచుతో తెల్లబడ్డాయి. అంతకుముందు రోజు ఒక బాతును చూశాం, చేపల గాలం తీగ కాలికి చుట్టుకుని కుంటుతోంది. దాని ఎడమ రెక్కలో ఒక ఈక విరిగి వేలాడుతోంది. వసుమతి అప్పుడే పక్షులను కాపాడేవాళ్ళకు ఫోన్ చేసింది, వస్తామన్నారు. ఇవాళ కూడా కాలికి తీగతో ఒక బాతు నిలబడి ఉంది, మాకు కుడి పక్క కనపడేలా.

"నిన్నటిదేలే. నిన్న చెప్పావుగా," అని నేను నడుస్తూనే ఉన్నాను.

వెనక్కి తిరిగితే ఆమె పక్కన లేదు. బురదలో దిగి, రెల్లు పట్టుకుని, చెరువు అవతలికి చుట్టూ పోతోంది. షూస్ చీలమండల దాకా కూరుకుపోతున్నాయి. నాకు చలేస్తోంది, ఒళ్ళు మండుతోంది. ఆమె బాతుకు అటువైపు చేరి, వంగి, చాలాసేపు చూసింది.

"నిన్నటిదేనా?" అని అరిచాను.

"నిన్నటిదే. ఈక విరిగి ఉంది."

అని, జేబులోంచి ఫోన్ తీసి నంబరు నొక్కుతోంది.

"నిన్న చెప్పావు కదే, మళ్ళీ ఎందుకు?"

"తీగ ఇంక అట్లనే ఉందిగా," అంది.